వేటకెళ్లని పడవ

మా ఊళ్లో ఆడవాళ్లు పడవెక్కరు. ఆడది కాలు పెడితే వల ఖాళీగా వస్తుందట. చేప ఒడ్డుకు వచ్చాక ఏరడం, ఎండబెట్టడం, గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మడం మాత్రం మేమే చెయ్యాలి.

నేను రాజాంలో చేపలు అమ్మే రోజుల్లో అక్కడొక పార్కు మూతపడింది. దాని కొలనులో కాళ్లతో తొక్కే హంస పడవను అమ్మకానికి పెట్టారు. రంగు వెలిసింది, ముక్కు విరిగింది. అయినా బేరమాడి కొన్నాను. ట్రాలీ ఆటోలో శ్రీకూర్మం మీదుగా తెస్తుంటే దారి పొడుగునా జనం నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఉప్పుటేటి ఒడ్డున నీళ్లలోకి దించగానే మా ఆయన అన్న అడ్డం వచ్చాడు.

"ఏటమ్మా ఇది? ఆడది పడవెక్కితే ఏటవుతాదో తెల్దా?"

"ఇది వేటకెళ్లే పడవా బావా? దీనికి వలెక్కడుందో సూపించు."

అతను నోరు తెరిచేలోగా ఎక్కేశాను. ఒక్కదాన్నే కూర్చోవడంతో హంస నావైపుకు ఒరిగిపోయింది. ఒడ్డు మీద అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడు మా అత్త చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. గంప మోసి మోసి ఆమెకు నడినెత్తిన జుట్టే లేదు. నా పక్క సీట్లో కూర్చోగానే హంస తిన్నగా నిలబడింది. అత్త పెద్దకొడుకు వైపు తిరిగింది.

"పుట్టి బుద్ధెరిగి నాను పడవెక్కనేదురా. మరి మీ వల ఖాళీగా వచ్చిన రోజులకి ఎవుల్ని తిట్టాల?"

అప్పటికే తొక్కుతోంది.