చిన్న లీగ్ ఇంతియాజ్‌తో జహ్రా నుంచి కడప దాకా

కువైట్‌లోని అహ్మదిలో ఒక ఆయిల్ కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసేవాణ్ణి. కడపలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడాను కాబట్టి, కంపెనీ జట్టుకు పనికొచ్చే కుర్రాళ్లను చూసి చెప్పే పని కూడా నాకే అప్పజెప్పారు. శుక్రవారాల్లో మనవాళ్లూ, ఫిలిప్పీన్స్ వాళ్లూ, పాలస్తీనా వాళ్లూ కలిసి ఆడే చిన్న లీగ్ ఒకటి ఉండేది. అందులో నెగ్గుకొచ్చినవాడికి కంపెనీ జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం, కంపెనీ పేరు మీద ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి కాగితం, దొరికేవి.

ఆ ఏడు, అంటే 1990లో, నా కళ్లకు ఆనినవాడు ఇంతియాజ్. పందొమ్మిదేళ్లవాడు, మంచి పొడగరి. జహ్రాలో ఒక కిరాణా కొట్టులో బస్తాలు దించేవాడు. వాళ్ల నాన్న ఖాదర్ అదే ఊళ్లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. సొంతూరు రాయచోటి.

చిన్న లీగ్‌లో కొట్టిన పాయింట్లను నమ్మకూడదు. ఎదుటి జట్టు చేతకానిదైతే ఎవడైనా కొడతాడు. బంతి చేతిలో లేనప్పుడు కుర్రాడు ఎక్కడ నిలబడుతున్నాడు, ఓడిపోతున్న ఆటలో కూడా వెనక్కి పరుగెత్తుతున్నాడా, నేను చూసేది ఇది. ఇంతియాజ్ పాయింట్లు తక్కువే. కానీ రింగుకు తగిలి వచ్చిన బంతి వాడి చేతుల్లోనే పడేది. పడిన మరుక్షణం ఖాళీగా ఉన్నవాడికి అందించేసేవాడు. శనివారం మా కంపెనీ కోర్టుకు వచ్చి ఆడి చూపించమన్నాను. ఈలోపే, ఆగస్టు రెండు, గురువారం తెల్లవారేసరికి వీధుల్లో ఇరాక్ ట్యాంకులున్నాయి.

కొన్ని వారాలు గదుల్లోనే గడిపాం. ఖాదర్ యజమాని సౌదీకి వెళ్లిపోతూ తండ్రీకొడుకుల పాస్‌పోర్టులు చేతిలో పెట్టి, "ఖలాస్, ఇంటికి పొండి" అన్నాడట. సెప్టెంబరులో ఇరాక్‌లోని బాస్రాకు బస్సులు వేస్తున్నారని తెలిసి ముగ్గురం కలిసి బయలుదేరాం. ఉదయం ఐదింటికి కువైట్ నగరంలోని షర్క్‌లో బస్సెక్కాం. చేపల మార్కెట్ మూసేసి ఉంది. వీధిలో సైనికులు తప్ప మనిషి లేడు.

మా ముందు సీట్లో రాజంపేట రమణమ్మ కూర్చుంది. ఇళ్లలో పనిచేసే మనిషి. అక్కడ అందరిలాగే యజమానురాలిని "మామా" అనేది. దారి పొడుగునా ఒకే మాట చెప్పుకుంది. "మా మామా ఏడ్చుకుంటా కారెక్కింది సార్. ఆయమ్మ బిడ్డను నేనే ఎత్తుకోని తిరిగినా. ఇప్పుడు యాడుండారో ఏమో."

మధ్యాహ్నానికి బాస్రా. అక్కడ బస్సు మారి బాగ్దాద్. బాగ్దాద్‌లో మరో బస్సు పట్టుకుని జోర్డాన్ వైపు. తిండి ఖుబ్బూస్ రొట్టె, టమాటాలు. ఆ ఎడారి దారిలో తిండి కంటే నీళ్లు ముఖ్యం. మా దగ్గరున్నవి సరిహద్దు రాకముందే అయిపోయాయి.

సరిహద్దు దాటాక ఇసుకలో గుడారాలు, కనుచూపు మేరా జనం. మమ్మల్నీ అక్కడే దించేశారు. రొట్టెల లారీ వస్తే, పైన నిలబడ్డవాళ్లు పొట్లాలను జనంలోకి విసిరేవాళ్లు. ఇంతియాజ్ ఎగిరి అందుకునేవాడు. మొదటి పొట్లం రమణమ్మకు, తర్వాతవి చంటిబిడ్డల తల్లులకు విసిరి, ఆఖరున వాళ్ల నాన్నకు ఒకటి, నాకొకటి తెచ్చేవాడు. కంపెనీ కోర్టులో చూద్దామనుకున్న ఆట నాకు అక్కడ కనిపించింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

ఆ మర్నాడు జనం లారీ మీదికి ఎగబడేసరికి డ్రైవరు బెదిరి బండిని వెనక్కి పోనిచ్చాడు. గాల్లోకి లేచిన ఇంతియాజ్ దిగేసరికి కాలు మోపడానికి చోటు లేదు. ఎవరో తోశారు. కుడి పాదం చక్రం కింద పడింది. ఖాదర్ కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని, "కండ్లు మూయొద్దురా, నన్ను జూడు" అంటూనే ఉన్నాడు. అమ్మాన్ ఆసుపత్రిలో పాదం ముందు భాగం తీసేశారు. గాయం కాస్త ఆరేదాకా నేనూ వాళ్లతోనే ఉండిపోయాను.

అమ్మాన్ నుంచి బొంబాయికి మన ప్రభుత్వం పంపిన విమానంలో వచ్చాం. దాదర్‌లో మద్రాసు రైలెక్కించి, స్వచ్ఛంద సేవకులెవరో పూరీలు, అరటిపళ్లు ఇచ్చారు. గుంతకల్లులో తెల్లవారింది. టీ తాగుదామని తలుపు దగ్గరికి వెళ్తే ఖాదర్ వెనకాలే వచ్చాడు.

"సార్, మావాడు మళ్లా ఆడతాడా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఆడలేడు భాయ్."

తన టీ గ్లాసు నా చేతికిచ్చి, ప్లాట్‌ఫారం మీది పంపు దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

నేను తిరిగి వచ్చి కూర్చున్నాక ఇంతియాజ్ కిటికీలోంచి చూస్తూనే అడిగాడు. "ఆ శనివారం ఆడింటే తీసుకొనుందురా సార్?"

"తీసుకొనుందుము. కోచ్‌కు నేను ముందే చెప్పినా."

"నాకు బాధని ఊరికే అంటాండారు."

అందుకని పాలస్తీనా కుర్రాళ్లతో ఓడిపోయిన ఆట ఒకటి గుర్తు చేశాను. అందరూ నడుస్తుంటే వాడొక్కడే చివరిదాకా వెనక్కి పరుగెత్తాడనీ, ఆరోజే వాణ్ణి ఎంచుకున్నాననీ చెప్పాను. తాడిపత్రి దాటేదాకా విన్నాడు. ఆ తర్వాత, "చాలు సార్. ఇంగ ఆ మాట వద్దు" అన్నాడు.

ఆ దారిన క్షేమంగా వచ్చామనే అందరూ అన్నారు. ప్రాణాలతో వచ్చిన మాట నిజమే. నామటుకు నాకు మాత్రం, చేతులారా ఎంచుకున్న కుర్రాణ్ణి సగం దారిలో పోగొట్టుకుని వచ్చినట్టే ఉంది.

కడపలో రాయచోటి బస్సు సిద్ధంగా ఉంది. ఖాదర్ పొట్టి మనిషి. ఆయన భుజం అందుకోవడానికి ఇంతియాజ్ బాగా వంగాల్సి వచ్చింది. మెట్టెక్కబోతూ అలవాటు కొద్దీ కుడికాలు ముందు ఎత్తాడు. ఒక్క క్షణం ఆగి, దాన్ని దించుకుని, ఎడమకాలు పెట్టాడు.