రెండు వంటిళ్ళు, ఒక పొయ్యి

పెద్దకోడలి చేతికి ఎముక లేదని ఆ ఇంట్లో అందరూ అనేవారు. మెచ్చుకుంటూ అన్నవాళ్ళూ ఉన్నారు, విసుక్కుంటూ అన్నవాళ్ళూ ఉన్నారు. ముగ్గురికి వండమంటే ఆమె ఆరుగురికి వండేది. మిగిలింది పక్కింటికో, మెట్ల దగ్గర కాచుకుని కూచునే పిల్లికో వెళ్ళేది.

ఆమె పుట్టింట్లో పిల్లలు ఎక్కువ, గిన్నెలు చిన్నవి. గరిటె గిన్నె అడుగున గీసుకున్న చప్పుడు వినపడిందంటే, వరసలో చివర కూచున్న తన వంతు అంతేనని తెలిసిపోయేది. పెళ్ళయి వంటిల్లు చేతికొచ్చాక, తన చేతి మీద ఆ చప్పుడు రానివ్వకూడదని గట్టిగా అనుకుంది. ఆమె ఉద్యోగం ఆస్పత్రి లాండ్రీలో. పొద్దస్తమానం ఆవిరి మెషీన్ల మధ్య నిలబడి దుప్పట్లు మడతలు పెట్టి వచ్చినా, పొయ్యి వెలిగించగానే ఒంట్లోకి ఓపిక వచ్చేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాట తక్కువ మనిషి, పళ్ళెంలో ఏది పడితే అది తిని లేచేవాడు. కూతురు కాలేజీలో చదువుతోంది.

వాళ్ళుండేది మేడ మీద. కింది వాటాలో మరిది కుటుంబం. మరిది ఒక బేకరీకి వ్యాను నడుపుతాడు. చిన్నకోడలు ఇంట్లోనే మెషీను పెట్టుకుని పాతబట్టలు సరిచేస్తుంది. వదులైనవి బిగించడం, బిగుతైనవి విప్పి వదులు చెయ్యడం, చిరిగినచోట కుట్టు కనపడకుండా కుట్టడం. వాళ్ళకో కొడుకు, బడికెళ్ళే వయసు.

మొదట్లో అందరికీ ఒకటే వంట. ఒక్క మాట దగ్గర వేరుపడ్డారు. ఓ ఆదివారం ఇంటినిండా చుట్టాలు. పెద్దకోడలు మూకుడు ముందు నిలబడి ఉంది. చిన్నకోడలు నవ్వుతూ, "అక్క చేతికి నూనెడబ్బా ఇచ్చారంటే, అది బోర్లా పడుకునేదాకా వదలదు" అంది. అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. మర్నాడు మేడ మీద గదిలో కొత్త పొయ్యి వెలిగింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడితే, "నీళ్ళొచ్చాయా?" అంటే "వచ్చాయి" అనడం వరకే. అన్నదమ్ములిద్దరూ మామూలుగానే ఉండేవాళ్ళు. కాకపోతే ఆ సంగతి ఎత్తే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. మొహమాటం లేకుండా మెట్లెక్కి దిగేది మామగారొక్కరే. రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పడక కింద, కబుర్లు పైన.

అంతలో ధరలు పెరగడం మొదలైంది. అద్దె పెరిగింది. బస్సు టికెట్టు పెరిగింది. కూరగాయల బండివాడు ధర చెప్పడం మానేసి, "ఎంతకిమ్మంటారో మీరే చెప్పండమ్మా" అనడం మొదలుపెట్టాడు, తిట్లు తప్పించుకోవడానికి. ఒకరోజు భర్త చెయ్యి కడుక్కుంటూ, "కొంచెం చూసి ఖర్చు పెట్టుకోవాలి మనం" అన్నాడు. నోరు తెరవని మనిషి తెరిచాడంటే సంగతి ముదిరిందని ఆమెకు అర్థమైంది.

స్కూటరు మీద గుడ్డ కప్పి, అతను బస్సెక్కాడు. పేపరు మానేసి, పక్కింటివాళ్ళు చదివేసిన నిన్నటి పేపరు తెచ్చుకున్నారు. కూతురు తన జుట్టు తానే కత్తిరించుకుని, వెనకవైపు వంకర ఎవరికీ కనపడదని తనకు తానే నచ్చజెప్పుకుంది. తండ్రి ఇల్లంతా తిరుగుతూ లైట్లు ఆర్పుతుంటే, స్నానాలగదిలోంచి "నాన్నా, నేను లోపలున్నా!" అని కేకలు వినపడేవి.

అన్నీ తగ్గాయి, వంట తప్ప. బియ్యం గ్లాసుతో కొలిచి పోసేది పెద్దకోడలు. పోసి మూత పెట్టబోతూ, 'ఎవరైనా వస్తేనో' అనుకుని ఇంకో గుప్పెడు వేసేది. ఇలా లాభం లేదని చిన్న గిన్నె కొనుక్కొచ్చింది. ఆ గిన్నెలో ఒకే పూట రెండుసార్లు వండింది.

"అమ్మా, దీనికంటే ఆ పెద్దగిన్నే నయం. గ్యాసన్నా మిగిలేది" అంది కూతురు.

ఆమెకు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. తిండి దగ్గర పిసినారితనం చెయ్యడం తన వల్ల కాదు. చెయ్యకపోతే ఇల్లు గడవదు.

గ్యాసు సిలిండరు అయిపోకముందే ఇంకోటి తెప్పించి మూల పెట్టుకునే అలవాటు కూడా ఆ నెలలోనే మానుకుంది. ఒక సాయంత్రం వంకాయ కూర సగం ఉడికేసరికి మంట నీలంగా వణికి, టప్పున ఆరిపోయింది. సిలిండరు ఊపి చూసింది. పక్కకి వంచి చూసింది. ఏమీ లేదు. పొయ్యి ముందే పీట మీద కూలబడింది.

కబుర్లకి వచ్చిన మామగారు ఇదంతా గుమ్మంలోంచి చూశారు. మసిగుడ్డ తీసుకుని, మూకుడు రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు.

"ఎక్కడికి మామయ్యగారూ?"

"ఉడకాలి కదమ్మా."

"వద్దండీ. పచ్చిగానే తింటాం."

"మీరు తినండమ్మా. నాకు పళ్ళు లేవు."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆమె పైమెట్టు మీద నిలబడి చెవులు రిక్కించింది. కింద మెషీను చప్పుడు ఆగింది.

"ఏంటి మామయ్యగారూ ఇది?"

"వంకాయ కూర."

"ఎవరిదండీ?"

"సగం మీ అక్కది. మిగతా సగం నీ చేతిలో ఉంది."

మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు వచ్చింది.

కూర ఉడికాక మామగారి చేత పంపలేదు చిన్నకోడలు. తనే పట్టుకుని పైకి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆ గదిలో ఆమె అడుగుపెట్టింది లేదు ఎప్పుడూ.

"కారం నేను వెయ్యలేదక్కా. నువ్వు వేశావో లేదో తెలియలేదు."

"వెయ్యలేదు."

"అదే అనుకున్నా." మూకుడు దించి, చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. "సిలిండరు రేపొస్తుందా?"

"ఎల్లుండి అన్నారు."

"అయితే అప్పటిదాకా కిందే వండు. మేం వండుకునే చిన్న గిన్నెకి అంత మంట దండగే. దాని మీదే అందరికీ అయిపోతుంది."

పెద్దకోడలు మూకుడు మీద మూత పెట్టింది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, కూరగాయల సంచీ పట్టుకుని కిందికి దిగింది.

ఆ వంటింట్లో ఉప్పుడబ్బా పాతచోటే ఉంది. గరిటెలు తగిలించే మేకులు కూడా తను కొట్టినవే. ఆమె ఉల్లిపాయలు తరిగి, మూకుడు పెట్టి, నూనెడబ్బా అందుకుంది. పక్కన చిన్నకోడలు పిండి కలుపుతూ తల ఎత్తలేదు. అయినా నూనె పడే చప్పుడు వింటోందని పెద్దకోడలికి తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టింది చిన్నకోడలు.

"ఏ రోజు?"

"నీకు తెలుసులే అక్కా."

పెద్దకోడలు డబ్బా పక్కన పెట్టింది. "నువ్వన్నది నిజమే. నిజమైతే మాత్రం, అంతమందిలో అనాలా?"

"అనకూడదు. ఆ రాత్రే వచ్చి చెబుదామనుకున్నా. పొద్దున చూసేసరికి నువ్వు పొయ్యి కూడా కొనేశావు."

"కోపమొస్తే నాకు ఖర్చు కనపడదు" అంది పెద్దకోడలు. తర్వాత డబ్బా మళ్ళీ తీసుకుని, "ఇప్పుడెవరూ లేరుగా. ఇప్పుడను, ఏమంటావో" అని నూనె వంచింది.

చిన్నకోడలు మూకుడులోకి తొంగిచూసింది. "అక్కా, చాలు."

"చాలా?"

"చాలక్కా. నిజంగా చాలు."

ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. ముందుగదిలో పేపరు చాటున కూచున్న అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని, లోపలికి వెళ్ళకపోవడమే మంచిదని అక్కడే ఉండిపోయారు.

సిలిండరు వచ్చింది గానీ దాన్ని పైకి మొయ్యమని ఎవరూ అనలేదు. కింద మూలనే నిలబెట్టారు. ధరలు దిగేదాకా ఇలా సర్దుకుందామని చిన్నకోడలంటే, సరే దిగేదాకానే అంది పెద్దకోడలు. ఎవరి పని ఏమిటన్నది కూడా మాట్లాడుకోకుండానే కుదిరిపోయింది. బియ్యం, నూనె, పంచదార కొలిచి ఇచ్చేది చిన్నకోడలు. వండేది పెద్దకోడలు. ఇచ్చినదాంట్లోనే వండాలి, రెండోసారి అడగకూడదు. మొదటివారం ఆమె అడిగింది. "పోనీ ఒక్క చెంచా" అని బతిమాలింది కూడా. చిన్నకోడలు నూనెడబ్బా తీసుకెళ్ళి కుట్టుమెషీను కింద పెట్టుకుంది.

అందరూ కలిసి పలహారం చేసిన మొదటిరోజు ఇంకో సంగతి బయటపడింది.

"మామయ్యగారికి ఇప్పుడే వద్దు. ఆయన ఎనిమిది దాటాక పైన తింటారు కదా" అంది పెద్దకోడలు.

"పైన తినడమేంటి? ఏడింటికే కింద తినేసి కదా పైకి వచ్చేది!" అంది చిన్నకోడలు.

ఇద్దరూ ఆయనకేసి చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఇన్నేళ్ళూ రెండుచోట్లా తిన్నారా?"

"ఒకచోట తిని ఇంకోచోట వద్దంటే, వాళ్ళు చిన్నబుచ్చుకోరూ?"

"మరి అరగడం లేదని మందులు?"

"మందులు ఒక్కచోటే వేసుకునేవాణ్ణమ్మా."

మరిది పొలమారి, నీళ్ళకోసం లేచి పరుగెత్తాడు. పెద్దాయన ఆ రోజు నుంచీ ఒకటే పలహారంతో సరిపెట్టుకున్నారు. నెల తిరక్కుండా మందుసీసాతో పని లేకుండా పోయింది.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. ఒకసారి సాయంత్రం భోజనాల దగ్గర, పెద్దకోడలు భర్తకి వడ్డిస్తుండగా గరిటె గిన్నె అడుగుకి తగిలి గీసుకుంది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిన్నప్పటి వరస, చివరి పళ్ళెం, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. తలెత్తి అందరినీ చూసింది. పిల్లాడు తినేసి ఆడుకోవడానికి ఎప్పుడో వెళ్ళిపోయాడు. కూతురు పళ్ళెంలో ఇంకా ఉంది, ఫోను చూసుకుంటూ నెమ్మదిగా తింటోంది. మామగారు చెయ్యి కడిగేసుకుని వక్కపొడి డబ్బా వెతుక్కుంటున్నారు. ఎవరి ఆకలీ మిగల్లేదు. గిన్నెలోనూ ఏమీ మిగల్లేదు.

"ఏమైందక్కా?" అంది చిన్నకోడలు.

"ఏం లేదు. సరిగ్గా సరిపోయింది" అంది. అని కూచుని, తనకు పెట్టి ఉంచినది తృప్తిగా తింది. పిల్లి మాత్రం కొన్నాళ్ళు అలిగి పక్కింటికి మకాం మార్చింది.

పైన వంటిల్లు ఖాళీ అయింది. వెలుతురు బాగా వచ్చే గది. కింద చీకట్లో కళ్ళు పొడుచుకుంటూ కుట్టేకంటే ఇక్కడికి మార్చమని పెద్దకోడలే చెప్పింది. మెషీను పైకెక్కింది. అప్పటికి ఊళ్ళో జనం కూడా కొత్తబట్టలు కొనడం తగ్గించి పాతవే బాగుచేయించుకుంటున్నారు. రోజూ సంచులకొద్దీ పని వచ్చేది. కుట్టినవన్నీ ఇస్త్రీ చేసి మడతలు పెట్టడం పెద్దకోడలు సెలవురోజుల్లో తీసుకుంది. ఆస్పత్రి దుప్పట్లు మడిచిన చేతులాయె, పాత ప్యాంటు కూడా ఆమె మడిచి ఇస్తే దుకాణంలో కొన్నట్టుండేది. వచ్చినదాంట్లో ఆమె వాటా ఇవ్వబోతే వద్దంది. చిన్నకోడలు ఊరుకోలేదు. ఆ డబ్బు కూతురి కాలేజీ బస్సు పాసుకి సరిపోయేది.

పైనున్న ఫ్రిజ్జు కరెంటు తీసేశారు. అమ్మితే పెద్దగా ఏమీ రాదని తేలి, అందులోనే కుట్టిన బట్టలు సర్దారు. తలుపు దగ్గరగా పడుతుంది, దుమ్ము చేరదు. తన కోటుకోసం వచ్చిన ఒక పెద్దమనిషి, ఫ్రిజ్జు తెరిచి కోటు తీసి ఇస్తుంటే బిత్తరపోయి, "వేసవిలో ఇలాగే ఇస్తారా అమ్మా?" అని అడిగాడు.

ధరలు దిగలేదు. భర్తకి జీతం కొద్దిగా పెరిగింది. స్కూటరు మీది గుడ్డ తీసి ఆదివారాలు మాత్రం బయటికి తీస్తున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూచుని కునుకు తీయడం అలవాటైపోయిందట.

ఆ మధ్య చిన్నకోడలు కొడుకుని తీసుకుని వారంరోజులు పుట్టింటికి వెళ్ళింది. తిరిగొచ్చేరోజు తీసుకురావడానికి మరిది వ్యాను తెస్తానన్నాడు. "నేను వెళ్తాలే" అని పెద్దకోడలే బయలుదేరింది. బస్సు దిగగానే పిల్లాడు, "పెద్దమ్మా!" అని సంచీ ఆమె చేతిలో పడేసి ముందుకి పరుగెత్తాడు.

"ఆటో పిలవనా అక్కా?" అంది చిన్నకోడలు.

"అలసిపోయావా?"

"కూచుని కూచునే వచ్చాను. అలసటేంటి?"

"అయితే నడుద్దాం పద."

పార్కు పక్క దారిలో నడిచారు. పుట్టింటి సంగతులు చిన్నకోడలు చెప్పింది: తమ్ముడి కొత్త ఉద్యోగం, అమ్మ మోకాళ్ళు, మరదలు అన్న ఒక పుల్లవిరుపు మాట. లాండ్రీలో కొత్త మెషీను సంగతి పెద్దకోడలు చెప్పింది. సగం దూరం వచ్చాక సంచీ బరువనిపించి, ఒక బెంచీ కనపడితే దించి కూచున్నారు. పిల్లాడు గడ్డిలో గెంతుతున్నాడు. ఎండ చల్లబడుతోంది.

"ఇంతకీ మీ మరదలి మాటకి నువ్వేమన్నావు?" అంది పెద్దకోడలు.

"ఏమీ అనలేదక్కా. వాళ్ళ వంటిల్లు చిన్నది. ఇంకో పొయ్యికి చోటు లేదు."

పెద్దకోడలు బెంచీ మీద వెనక్కి వాలి, చాలాసేపు నవ్వింది. ఇల్లు ఇంకా కొంత దూరం ఉంది. ఇద్దరికీ లేవాలనిపించలేదు.