కదలవద్దంటే దీవించాను

కొంత దూరం నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి, నిలబడితే తగ్గుతున్నాయి. షుగర్ ఉంది కాబట్టి కాళ్ళకు రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూడాలన్నారు డాక్టరు. కాలు పోతుందేమోనన్న భయం ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకుండానే కోడలు ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మాదాపూర్‌లో పరీక్షకు తీసుకెళ్ళింది.

పరీక్ష చేసే అమ్మాయి నన్ను పడుకోబెట్టి, నా చేతులకు, చీలమండలకు బీపీ పట్టీలు చుట్టి, కదలవద్దని చెప్పి, వంగి నా పాదం పట్టుకుంది. అంతే, అలవాటుకొద్దీ లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టి "శీఘ్రమేవ కల్యాణప్రాప్తిరస్తు" అన్నాను.

"అయ్యో అమ్మమ్మా, రీడింగ్ పోయింది! మళ్ళ మొదటి నుంచి చెయ్యాలె. నా పెళ్ళికి తొందరేం లేదు గానీ, జర కదలకుండ పండుకో."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టినదాన్ని, బుద్ధిగా పడుకున్నాను.

రక్తనాళాల్లో ఇరుకు ఇప్పుడిప్పుడే మొదలైందట. మందులు, రోజూ నడక చాలన్నారు. నా కాలికి భయం లేదు.

వచ్చేటప్పుడు ఆ అమ్మాయే వచ్చి వంగింది. "ఇప్పుడు దీవించు అమ్మమ్మా, జీతం పెరగాలని."

మనసారా దీవించాను. మీరూ కింద కామెంట్లలో ఆ అమ్మాయికి ఒక దీవెన రాయండి. పెళ్ళి మాట మాత్రం ఎత్తకండి.