మంగ నవ్విన ఫోటో

2022 జూన్‌లో మాచర్ల దగ్గర ఒక నర్సరీ స్కూల్లో టీచరుగా చేరాను. చుట్టూ నాపరాళ్ల క్వారీలు. అక్కడ రాయి కొట్టేవాళ్ల పిల్లలు, కూలీకి వెళ్లేవాళ్ల పిల్లలు ముప్పై మంది దాకా మా దగ్గర ఉండేవారు. ఫీజు లేదు. ఒక చిన్న ట్రస్టు దాతల సాయంతో బడి నడిపేది. ఒక్కో పిల్లకు ఒక స్పాన్సర్, అంటే ఆ పిల్ల తిండి, బట్టలు, పలక చూసుకునే దాత. మూణ్ణెల్లకోసారి వాళ్లకు ప్రోగ్రెస్ రిపోర్ట్ పంపాలి. పిల్ల ఏం నేర్చుకుందో నాలుగు వాక్యాలు, ఒక ఫోటో. ఫోటోలో పిల్ల నవ్వుతూ ఉండాలని మా ఇన్‌చార్జి గారి పట్టుదల. "దిగులు మొహం చూస్తే మనం సరిగ్గా చూసుకోవట్లేదనుకుంటారమ్మా" అనేవారు.

మంగకు అప్పుడు నాలుగేళ్లు. అమ్మానాన్నలు హైదరాబాదులో భవనాల పనికి వెళుతూ, నాయనమ్మ నాగమ్మ దగ్గర వదిలారు. కొత్త పిల్లలు ఏడుపు మాని బడికి అలవాటుపడే రోజుల్ని మేం సెటిలింగ్ పీరియడ్ అంటాం. మామూలుగా రెండు మూడు వారాలు. మంగ అసలు ఏడవనే లేదు. అన్నం పెడితే తినేది. పాట పాడిస్తే పెదవులు కదిపేది. మిగతా సమయమంతా గుమ్మం పక్కన కూర్చుని రోడ్డు చూసేది. బస్సు హారన్ వినబడితే లేచి నిలబడేది.

రిపోర్టులు పంపాల్సిన రోజు వచ్చింది. అందరి ఫోటోలూ అయ్యాయి, మంగది తప్ప. ఎన్నిసార్లు ఫోన్ ఎత్తినా ఆ మొహం మారలేదు. చివరికి ఎదురుగా కూర్చుని అన్నాను, "నవ్వు మంగా. ఈ ఫోటో మీ అమ్మకు పంపుతా. చూసి వచ్చేస్తుంది."

నవ్వింది. కళ్లు మూసుకుపోయేంతగా నవ్వింది. పైపళ్ల మధ్య సందు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ప్రార్థన కాకముందే నా కొంగు పట్టుకుంది. "అమ్మ చూసిందా టీచర్?"

"చూస్తుందిలే."

ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న. వారం గడిచాక, "ఇంకా చూళ్లా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుంది. 

ఆ సాయంత్రమే నాగమ్మ ఇంటికి వెళ్లాను. పత్తి చేలో కలుపు తీసి అప్పుడే వచ్చింది.

"కొడుకు ఫోను కలవట్లా టీచరమ్మా. రెణ్ణెల్లయింది. ఆడ ఏ సైటులో ఉన్నారో నాకేం తెలిసిద్ది? పిల్ల నిద్దట్లో గూడా ఫోటో ఫోటో అంటంది. ఏంది ఆ ఫోటో?"

జరిగింది చెప్పాను. తిట్టలేదు. "పసిదానికి అట్టా ఎందుకు చెప్పావమ్మా" అని మాత్రం అంది.

వాళ్లను పనికి తీసుకెళ్లిన మేస్త్రి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన భార్య ఒక నంబరు ఇచ్చింది. ఆ నంబరాయన ఇంకొకటి ఇచ్చాడు. పది రోజుల తర్వాత, మంగ తల్లి లక్ష్మి పక్క గదిలో ఉండే మనిషి ఫోన్ దొరికింది. ఫోటో పంపాను. గంట తర్వాత అదే నంబరు నుంచి లక్ష్మి మాట్లాడింది. "నా పిల్లేనా ఇది? చానా పొడుగయింది" అంది.

ఈలోగా మంగ స్పాన్సర్, నరసరావుపేటలో ఉండే రిటైర్డ్ టీచర్ సరోజినమ్మ గారు, ఫోటో బాగుందని ఫోన్ చేశారు. దాచలేక నిజం చెప్పేశాను. "నా కోసం ఆ పిల్లను నవ్వించొద్దమ్మాయ్. నవ్వని రోజు నవ్వలేదనే రాయి. అంతమాత్రాన నేను అన్నం పెట్టడం మాననులే" అన్నారు.

మరుసటి వారం మధ్యాహ్నం లక్ష్మి బస్సు దిగి నేరుగా బడికి వచ్చింది. మంగ పరిగెత్తలేదు. లేచి, ముందు నా వైపు తిరిగి, "చూసింది టీచర్" అని చెప్పి, అప్పుడు తల్లి దగ్గరికి వెళ్లింది.

"దీన్ని తీసకపోతన్నా టీచర్. ఫోటో చూసినాక ఆడ నిలవలేకపోయా" అంది లక్ష్మి.

"అక్కడ బడి ఉందా?"

"సైటుకాడ బడేడిది? నా కళ్ల ముందుంటే చాలు."

అక్షరాలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి, ఒక్క ఏడాది ఉంచమని అడగాలనిపించింది. తల్లి నడుమును చుట్టేసుకున్న పిల్లను చూసి అడగలేకపోయాను.

నెల రోజులు రాకపోతే డ్రాపౌట్ అని రాసి, ఆ చోటు మరొకరికి ఇవ్వడం మా పద్ధతి. సరోజినమ్మ గారు ఆ ఏడాదంతా మంగ చోటు అలాగే ఉంచమన్నారు. రోజూ హాజరులో పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరుకు వెళ్లేదాన్ని. మంగ రాలేదు. వేసవి తర్వాత అక్కడ మరో పాప చేరింది. లక్ష్మి మాట్లాడిన నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. హైదరాబాదు వెళ్లినప్పుడు, కడుతున్న భవనాలు కనబడితే ఇసుక కుప్పల దగ్గర ఆడుకునే పిల్లల మొహాలు చూస్తుంటాను. మంగకు ఇప్పుడు ఏడేళ్లు దాటి ఉంటాయి. ఆ సందు పళ్లు ఊడి కొత్తవి వచ్చి ఉంటాయి. ఎదురుపడినా గుర్తుపడతానో లేదో.

మా రిపోర్టుల్లో ఇప్పుడు నవ్వు తప్పనిసరి కాదు. కొత్తగా చేరే టీచర్లకు నేను చెప్పేది ఒకటే. అమ్మ ఎప్పుడొస్తుందని పిల్ల అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పండి. చెప్పి, లేచి వెళ్లిపోకండి. కాసేపు పక్కన కూర్చోండి.