బండికి తోలుపిల్ల

నాయినకు నడుము పట్టేసిన ఏడాదే మా ఇంటికి కార్బురేటర్ లేని బండి వచ్చింది. పెట్రోలును లోపల ఉన్న కంప్యూటరే కొలిచి పోస్తుందని విని ముచ్చటపడి కొన్నాను. మక్తల్‌లో నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం. కరెంటుతో నడిచేది ఏది కనిపించినా మూత తీసి చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు. మా ఇంట్లో దీన్ని కెలుకుడు రోగం అంటారు.

నాయిన బతుకంతా గొర్రెల వెనకే గడిచింది. ఇప్పుడు మందను అన్న చూసుకుంటున్నాడు. కర్ణాటక వైపు బీళ్లలో, కోత అయిపోయిన కంది చేలల్లో మేపుతాడు. నాయిన అంత దూరం నడవలేడు. అయినా రోజుకొక్కసారి మందను కళ్లారా చూడకపోతే ఆయనకు ముద్ద దిగదు. నేను దుకాణం నుంచి వచ్చేసరికి కర్ర పట్టుకొని వాకిట్లో నిలబడి ఉండేవాడు. బండి వెనక ఎక్కించుకొని మంద దాకా తీసుకుపోయేవాణ్ని. బండి ప్రయాణాలు తగ్గించమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. నేనూ ఒక షరతు పెట్టాను: నొప్పి పెరిగిన రోజు నుంచి ఇంటి పట్టునే ఉండాలి. నాయిన సరేనన్నాడు.

కాబట్టి ఆ బండితో నాకు కావలసింది వేగం కాదు. మంద వెనక, గొర్రెల నడకతో సమానంగా, కుదుపు లేకుండా పోవాలి. సరిగ్గా ఆ పనే అది చేయలేకపోయింది. రోడ్డు మీద బాగానే ఉరికేది. రెండో గేరులో నెమ్మదిగా పోనిస్తే మాత్రం ఒకసారి ముందుకు గుంజేది, మరుక్షణం ఎవరో వెనక నుంచి పట్టి ఆపినట్టు ఆగేది. గుంజినప్పుడల్లా నాయిన చేయి నా భుజాన్ని పిసికేది.

దుకాణం ఎదుటి మెకానిక్‌కు ఈ సంగతి చెబితే అగ్గిపెట్టెకన్నా చిన్నదైన నల్లటి డబ్బీ ఒకటి తెచ్చి చూపించాడు. ఒక పక్క సాకెట్, ఇంకో పక్క పిన్ను ఉన్నాయి.

"గీ కొత్త బండ్లు పెట్రోలుకు పిసినారివి అన్నా. గాలి ఎంత వేడిగుందో చూసే సెన్సారుంటది కదా, దాని తీగెకు నడిమిట్ల దీన్ని గుచ్చుడే. బండి మక్కన్ లెక్క పోతది."

"ఎట్ల పోతది?"

"ఎట్లనో నాకేం ఎరుక? పోతది అంతే."

ఆ మాట నన్ను ఊరుకోనివ్వలేదు. 'పోతది అంతే' అనే మాట నాకు చెవిలో చీమ దూరినట్టు ఉంటుంది. డబ్బీని దుకాణానికి తెచ్చి, మీటరు పెట్టి, పైనున్న నల్లటి లక్కను గీకి చూశాను. లోపల ఒకే ఒక్క రెసిస్టర్ ఉంది. చిప్పు లేదు, మెదడు లేదు. అంత పెద్ద బొమ్మ వేసిన అట్టపెట్టెలో పెట్టి అమ్మేది ఇంతేనా అని నవ్వొచ్చింది. కానీ నవ్వి ఊరుకుంటే తెలిసేదేముంది? ఆలోచిస్తే దాని కిటుకు అర్థమైంది. ఆ సెన్సార్ చల్లబడితే అందులో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఈ డబ్బీ దానికి ఇంకొంత అడ్డు కలుపుతుంది. మక్తల్ ఎండలో కూడా బండి తాను చలికాలపు తెల్లవారుజామున ఉన్నాననుకుంటుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కనుక దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. చిన్నదే అయినా మంచి అబద్ధం.

ఆ రాత్రి అన్నం తింటూ నాయినకు ఇదంతా విప్పి చెప్పాను. ఆయన ఠక్కున పట్టేశాడు.

"అంటే బండికి తోలుపిల్లను సూపెడుతున్నవన్నట్టు."

గొర్రెకు పుట్టిన పిల్ల చనిపోతే మా వాళ్లు దాని తోలు తీసి, తల్లి లేని ఇంకో పిల్లకు కప్పుతారు. తన పిల్ల వాసనే వస్తుంది కాబట్టి గొర్రె దాన్ని తన్నకుండా పాలు తాగనిస్తుంది. అట్లా తోలు కప్పిన పిల్లే తోలుపిల్ల. ఆ రోజు నుంచి మా ఇంట్లో డబ్బీకి అదే పేరు.

మెకానిక్ దాన్ని బిగించాడు. ఎట్లాగూ బండి విప్పాడు కాబట్టి వదులైన చైనును కూడా బిగించి, యాక్సిలరేటర్ తీగను సరిచేశాడు. మరునాడు మంద వెనక బండి నిజంగానే మెత్తగా పోయింది. నాయిన "మస్తుగుంది కొడుకా" అన్నాడు. నాకు సంతోషం, దాని వెంటనే అనుమానం. పని చేసింది డబ్బీనా, చైను బిగింపా, తీగ సర్దుబాటా? మూడూ ఒకేసారి మార్చితే ఎవరి గొప్ప ఎవరికి చెప్పాలి?

పైగా ఇంకో చిక్కు ఉంది. పొగ గొట్టంలో మరో సెన్సార్ ఉంటుంది. కాలిన పొగలో ప్రాణవాయువు మిగిలిందా లేదా అని అది చూస్తూ, పెట్రోలు ఎక్కువైతే తగ్గించమని కంప్యూటర్‌కు చెబుతుంది. మరి అబద్ధం అక్కడ దొరికిపోదా? ఇంజన్ వేడెక్కకముందు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు తప్ప దాని కన్ను కప్పడం కష్టం. మేము పోయేది ఇంజన్ వేడెక్కాక, నెమ్మదిగా. అంటే మాకు అవసరమైన చోటే ఈ డబ్బీ పనికిరాకూడదు. లెక్క అట్లా చెబుతోంది, నాయిన మాత్రం మస్తుగుందంటున్నాడు. ఎవరిని నమ్మాలి?

అందుకని ఒక పరీక్ష పెట్టాను. నేను దుకాణంలో ఉండగా నా భార్య తనకు తోచినట్టు డబ్బీని ఉంచడమో, పీకి తీగలను మామూలుగా కలపడమో చేయాలి. నాకూ చెప్పకూడదు, నాయినకూ చెప్పకూడదు. మంద దగ్గరికి పోయి వచ్చాక నాయిన తీర్పు చెప్పాలి. ఆ తర్వాతే ఆమె నోరు విప్పాలి.

"మామ నడుముతోటి పరీక్షలేంది? నీకేమన్న తిక్క లేసిందా?" అని కసిరింది. అయినా చేసింది. ఆమెకూ కొంచెం కుతూహలం ఉన్నట్టుంది.

నాయిన తీర్పు రోజూ ఒకటే: "మంచిగుంది." ఉంచిన రోజూ మంచిగుంది, పీకిన రోజూ మంచిగుంది. నాకు మాత్రం పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు వాసన రావడం తప్ప ఏ తేడా తెలియలేదు. గెలిచింది చైనేనని, డబ్బీ ఉత్తదేనని ఇంచుమించు తేల్చేసుకున్నాను. మెకానిక్‌కు ఏ మాటతో చెప్పాలా అని లోలోపల మురిసిపోతున్నాను కూడా.

అప్పుడు ఒక సాయంత్రం ట్యాంకులోకి నీళ్లు కలిసిన పెట్రోలు వచ్చింది. మంద వెనక బండి ఎగిరెగిరి పడింది. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చివరికి ఆపేసి, వెనక్కి తిరిగి అడిగాను.

"ఎట్లుంది నాయినా?"

"మంచిగనే ఉంది. పోనియ్."

మొహమంతా చెమట. కింది పెదవిని పళ్లతో నొక్కి పెట్టుకున్నాడు. ఏ తీగకు పెట్టినా ఒకటే అంకె చూపించే మీటరును నేను దుకాణంలో ఒక్క పూట కూడా ఉంచను. ఇన్నాళ్లూ అటువంటి మీటరును పట్టుకొనే డబ్బీ సంగతి తేల్చానని అప్పుడు తెలిసింది. బండి స్టాండ్ వేసి దిగి పక్కనే నిలబడ్డాను. నాయిన సీటు మీదే ఉండి నా భుజం పట్టుకున్నాడు.

"బండి సంగతి ఇడిసిపెట్టు. నడుము నొస్తాందా, లేదా?"

ఆయన ముందున్న మంద వైపే చూశాడు.

"నొస్తది."

"ఎప్పటి సంది?"

"ఎప్పుడు తగ్గింది గన్క? తోలుపిల్ల పెట్టినంక నొచ్చింది, పెట్టకముందు నొచ్చింది. నొస్తాందంటె నువ్వు నన్ను ఇంట్లనే కూసోమంటివి."

నాకు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆ షరతు పెట్టింది నేనే, దాన్ని తీసేయగలిగింది కూడా నేనే. పంతం పట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

మందను మా వైపుకు మళ్లించమని అన్నను కేకేశాను. గొర్రెలు దుమ్ము లేపుకుంటూ వచ్చి బండి చుట్టూ మూగాయి. నాయిన సీటు మీద నుంచి దిగకుండానే ఒక పెద్ద చెవుల పొట్టేలు తల నిమిరాడు.

"రేపటి సంది మనం మంద ఎంబడి పోవొద్దు నాయినా. బాట మీదికి అన్ననే తోలుకొస్తడు. నువ్వు ఆటోల వచ్చి కూసో, సూడు."

"నొచ్చినా తీస్కొస్తవా?"

"తీస్కొస్త."

అప్పుడు గానీ ఆయన నా భుజం మీది చేయి తీసి తన నడుము మీద వేసుకోలేదు. "అబ్బా" అని గట్టిగా మూలిగాడు.