పళ్ళెం మోగితే నేల

కార్తీకంలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి జిత్‌మాన్ పున్ ఒక ఫ్రెంచి పళ్ళ డాక్టరుతో సహా, పారాగ్లైడర్ రెక్క కింద వేలాడుతూ, తులిమాయ కాలీఫ్లవర్ మడిలో దిగాడు. దిగవలసిన పచ్చిక బయలు మడికి ఇవతలే ఉంది. ఊళ్ళో బర్రెలన్నీ ఒత్తిగిలి పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పెద్ద బయలు. దాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి దాటి, కంచె మీదుగా వెళ్ళి, పువ్వుల మధ్య దిగాడు. డాక్టరుగారు లేచి, మీసానికి అంటిన మట్టి తుడుచుకుని, పోఖరాలో దిగడమంటే ఇదే కాబోలనుకుని రెండు చేతులూ జోడించాడు. జిత్‌మాన్ కూడా జోడించాడు. ఆ పూట తులిమాయ హోటల్లో అందరికీ కాలీఫ్లవర్ కూరే.

గాలి తోసిందని చెప్పాడు జిత్‌మాన్. అందరూ నమ్మారు. ఇరవై రెండేళ్ళుగా సారంగ్‌కోట్ కొండ మీదనుంచి మనుషుల్ని ముందు కట్టుకుని ఎగురుతున్నవాడు గాలి తోసిందంటే గాలే తోసి ఉంటుంది.

గాలి తొయ్యలేదని అతనికి తెలుసు. కిందటి వానాకాలం గడ్డి కోస్తుంటే వెదురు కొన ఎడమ కంట్లో పొడుచుకుంది. పోఖరాలో చూపించుకుంటే సాయంత్రానికల్లా పైలట్లుండే సరస్సు ఒడ్డంతా తెలిసిపోతుందని బస్సెక్కి బుట్వల్ వెళ్ళాడు. అక్కడి డాక్టరు ఆ కంట్లో వెలుగు మాత్రం మిగులుతుంది, చూపు రాదు అన్నాడు. మిగిలిన కంటితో కొండలు కనిపించేవి, మబ్బులు కనిపించేవి, తోటివాళ్ళ రెక్కలు ఎంత దూరాన ఉన్నాయో అలవాటు మీద తెలిసిపోయేది. చిక్కంతా ఆఖరి రెండు మనిషి నిలువుల దగ్గరే. పచ్చిక పచ్చగా కనబడుతుంది గానీ కాలికింద ఉందో, తాటిచెట్టంత కిందుందో తెలియదు. రెండు తాళ్ళూ ఒక్కసారి కిందికి లాగి రెక్కను ఆపవలసింది సరిగ్గా అక్కడే. ముందు లాగితే రెక్క గాలిని వదిలేస్తుంది, మనిషి రాయిలా పడతాడు. ఆలస్యంగా లాగితే కాలీఫ్లవర్లు.

మానేస్తే సరిపోయేది. కానీ పాతికేళ్ళ వయసులో జిత్‌మాన్ దొరల రెక్కల్ని బుట్టలో పెట్టుకుని, నుదుటికి పట్టీ తగిలించుకుని కొండెక్కిన కూలీ. అప్పట్లో అతని పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, "ఏయ్ బుట్టా" అంటే పలికేవాడు. ఒకరోజు ఒక దొర సరదాపడి అతన్ని ముందు కట్టుకుని ఎగిరాడు. ఆ తరువాత మూడు రోజులు జిత్‌మాన్‌కి ఆ ధ్యాసలో అన్నం సయించలేదు. నేర్చుకున్నాడు. ఇప్పుడు మేనల్లుడు సుగమ్ నడిపే కంపెనీలో పెద్ద పైలట్టు. గాలిలో ఉన్నంతసేపు ఎవరూ అతన్ని ఏయ్ అనరు.

తులిమాయ మాత్రం కనిపెట్టింది. అక్కా అని పిలుస్తాడు గానీ ఆమె సొంత అక్క కాదు, ఒకే ఊరివాళ్ళు, అంతే. బయలు పక్కన పూటకూళ్ళ హోటలు ఆమెది. ఆ ఊళ్ళలో చెంబుకి పెదవి తగలనివ్వరు, పైనుంచి ఎత్తిపోసుకుంటారు. ఒక మధ్యాహ్నం పదిమంది మధ్య జిత్‌మాన్ చెంబెత్తి నీళ్ళన్నీ ముక్కుమీద, మెడమీద పోసుకున్నాడు. చాలా వేడిగా ఉందన్నాడు. అది పుష్యమాసం. అందరూ వెళ్ళాక తులిమాయ అతని ఎదురుగా కూచుని, ఎడమ కంటి ముందు గరిట అటూ ఇటూ ఆడించింది. అతను రెప్ప వెయ్యలేదు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. ఆమె జాలిపడింది. నువ్వు రెండు నిలువుల ఎత్తుకు రాగానే నేను గుమ్మంలోంచి కంచు పళ్ళెం మీద గరిటతో కొడతాను, మోగగానే లాగు, అంది. ఆ చలికాలమంతా అలాగే జరిగింది. జిత్‌మాన్ అంత మెత్తగా ఏనాడూ దిగలేదు. ముందు కట్టుకున్న అతిథులు ఆ మోతను స్వాగతం అనుకుని మురిసిపోయేవారు. కొందరు దిగగానే పళ్ళేనికి దణ్ణం పెట్టేవారు.

అది సుగమ్ కంట్లో పడింది. కుర్రాడు తెలివైనవాడు. రెండు రోజుల యాత్ర కాగితంలో ఆకాశ విహారం, థకాలీ భోజనం, సరస్సు మధ్య గుడికి పడవ, కొండమీద శాంతి స్తూపం, వీటి కింద "సంప్రదాయ కంచు నాదంతో స్వాగతం" అని చేర్చాడు. దాంతో మిగతా పైలట్ల అతిథులు తమకు పళ్ళెం ఎందుకు మోగలేదని అడగడం మొదలెట్టారు. ఇకనుంచి ఎవరు దిగినా కొట్టాలత్తా అన్నాడు సుగమ్. తులిమాయ కుదరదంది. ఎందుకు కుదరదో మాత్రం చెప్పలేకపోయింది. జిత్‌మాన్ అక్కడే నిలబడి తన బూట్ల లేసులు కట్టుకున్నాడు. అవి అప్పటికే కట్టి ఉన్నాయి.

ఫాల్గుణంలో ఎస్తోనియా నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి ఐలి, ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, పిచికంత బరువు. కూతురు లీస్‌కి ఎత్తంటే భయం, కింద నిలబడి ఫోటోలు తీస్తానంది. ఐలిని జిత్‌మాన్ కట్టుకుని ఎగిరాడు. పైన ఆమె ఆపకుండా మాట్లాడింది. మచ్ఛపుచ్ఛ్రే శిఖరాన్ని చూసినప్పుడు మాత్రం ఊరుకుంది.

అతనికంటే ముందు మరో కుర్ర పైలట్టు దిగుతున్నాడు. తులిమాయ లోపల సంకటిలాంటి ఢిండో ముద్ద కలుపుతోంది, వదిలితే అడుగంటుతుంది. కాగితంలో మాట పోకూడదని సుగమే పరిగెత్తుకొచ్చి పళ్ళెం అందుకుని ఆ కుర్రవాడి కోసం కొట్టాడు. మూడు నిలువుల ఎత్తులో ఉన్న జిత్‌మాన్ చెవిన పడింది. లాగాడు.

రెక్క వదిలేసింది.

ఐలి చీలమండ మెలికపడింది, అంతకుమించి ఏం కాలేదు. మెత్తటి చోట పడ్డారు. ఆమె తులిమాయ ఇచ్చిన చన్నీళ్ళ బాల్చీలో కాలు ముంచుకుని కూచుని, ఢిండో చేత్తో తింటూ, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో చేసిన గుండ్రుక్ పులుసు రెండోసారి అడిగి వేయించుకుని, తప్పు తనదేనంది. కాళ్ళు చాపమంటే తాను ముడుచుకుందట. జిత్‌మాన్ కాళ్ళు చాపమని చెప్పనేలేదు. చెప్పలేదని ఇప్పుడు చెప్పనూ లేదు. సుగమ్ అయితే మేనమామ వీపు తట్టి, పాడు గాలి అన్నాడు.

మరి మధ్యాహ్నం స్తూపం ఎలా అని లీస్ అడిగింది. జిత్‌మాన్ లోపలికి వెళ్ళి, తులిమాయ కట్టెల బుట్ట ఖాళీ చేసి, అందులో దుప్పటి మడిచి వేసి, పాతికేళ్ళ తరువాత మళ్ళీ నుదుటికి పట్టీ తగిలించుకున్నాడు. ఐలి సిగ్గుపడి వద్దంది, తరువాత కూచుంది. వెనక్కి తిరిగి కూచోవడంవల్ల ఆమెకు సరస్సంతా కనబడింది, అతనికి మెట్లు మాత్రమే. ప్రతి మెట్టునూ పాదంతో తడిమి ఎక్కాడు. దారిలో ఒక కుర్ర కూలీ ఎదురై, ముసలాయనా ఇంకా మోస్తున్నావా అని నవ్వితే, వింతేమిటంటే, ఆ మాట అతనికి గుచ్చుకోలేదు.

పైన లీస్ అతని చెమట చూసి తన తువ్వాలు అందించింది. కిందికి దిగాక, రేపు నేనూ ఎగురుతాను, కానీ ఈయనతోనే, మా అమ్మను ఇంత జాగ్రత్తగా మోసినాయన నన్ను పడెయ్యడు, అంది. జిత్‌మాన్ బుట్ట దించుతూ తలూపాడు. వద్దని ఎలా అనాలో తెలియక ఊపాడు.

పొద్దు వాలుతుంటే తులిమాయ పళ్ళెం తోమి, బోర్లించి, దానిమీద బియ్యం మూట పెట్టింది.

"రేపట్నుంచి నేను కొట్టను."

"అక్కా, ఆ ఒక్క అమ్మాయికీ—"

"మొదటిసారి నా పువ్వులు పోయాయి. రెండోసారి ఆ ముసలామె కాలు. మూడోసారికి ఏం మిగిలిందో నువ్వే చెప్పు తమ్ముడూ." గొంతు తగ్గించి, "తప్పు నాది కూడానూ. ఆరోజే పీక పట్టుకుని సుగమ్ దగ్గరికి ఈడ్చుకెళ్ళాల్సింది. నువ్వు మెత్తగా దిగుతుంటే నాకూ గొప్పగా ఉండేది," అంది.

అతను లేచాడు. చెంబు తీసుకుని నీళ్ళు ఎత్తిపోసుకున్నాడు. చొక్కా తడిసింది. వేడిగా ఉందని ఈసారి అనలేదు.

మర్నాడు సారంగ్‌కోట్ మీద ఆకాశం కడిగినట్టుంది. గాలి ఎదురుగా, ఒకే తీరున వస్తోంది. ఇంతకన్నా మంచి గాలి ఏడాదిలో పది రోజులుండదు. రెక్క పచ్చిక మీద పరిచి ఉంది, దాని అంచు పట్టుకుని సుగమ్ నిలబడ్డాడు. లీస్‌ని ముందు కట్టుకుని ఒక్కో పట్టీ రెండుసార్లు లాగి చూశాడు జిత్‌మాన్. ఆ అమ్మాయి పట్టీల్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. అయినా నవ్వుతోంది. కింద బయలు తాంబూలం పళ్ళెమంత కనబడుతోంది, దాని పక్కన తులిమాయ పొయ్యి పొగ. పరిగెత్తమని చెప్పడానికి నోరు తెరిచాడు.

అప్పుడు వంగి, ఆమె నడుం దగ్గర కొక్కెం ఊడదీశాడు. తరువాత రెండోది.

సుగమ్ రెక్క వదిలేసి ఏమైంది మామా, కట్టు తెగిందా అంటూ వచ్చాడు. లీస్ ఇటు తిరిగింది, ముఖం ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"రాత్రంతా భయానికి నచ్చజెప్పుకుని వచ్చాను. ఎండుంది, గాలుంది, మీరున్నారు. ఇంత దూరం తెచ్చి ఇప్పుడు విప్పేస్తారేంటి?"

సుగమ్ వింటుండగానే, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, జిత్‌మాన్ చెప్పాడు:

"పైకి తీసుకెళ్ళగలను గానీ తల్లీ, కింద నేల ఎక్కడుందో నాకు కనబడదు."