గంజి రాని కుక్కర్

మా చిన్నప్పుడు... గురజాల నుంచి నరసరావుపేట దాకా రైల్లో వెళ్ళి, ఇత్తడి సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చున్నాం. నాన్న, అమ్మ, నేను. శెట్టిగారు మా ముందు రెండు కుక్కర్లు పెట్టారు.

ఈల వేసే కుక్కర్లు కావు. పొడుగాటి ఇత్తడి డబ్బా... లోపల క్యారేజీలాగా ఒకదాని మీద ఒకటి గిన్నెలు... అడుగున నీళ్ళు, దాని కింద బొగ్గుల కుంపటి. ఆ నీళ్ళ ఆవిరికే అన్నం ఉడుకుతుంది. ఒకదానికి రెండు గిన్నెలే. రెండోదానికి పైన కూరగాయల కోసం చిల్లుల గిన్నె కూడా ఉంది.

"ఇది తీసుకోండి మాస్టారూ. అన్నం, పప్పు, దొండకాయలు... మూడూ ఒకేసారి పెట్టేసి అమ్మగారు పక్కింటికి కబుర్లకి పోయి రావొచ్చు. గంజి వార్చే పనే లేదు" అన్నారు శెట్టిగారు.

"గంజి అసలే రాదా?" అని అడిగింది అమ్మ.

"గంజితో ఏం పనమ్మా మీకు? చీరలకి పెట్టుకోడానికా?"

అమ్మ నవ్వలేదు.

నాన్న బడిపంతులు. కొద్ది నెలల ముందు గంజి వారుస్తుంటే మూత జారి, అమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. పుండు మానింది గానీ వేళ్ళకి పట్టు రాలేదు. నాన్న ఆ చేతినే చూశారు. చిల్లుల గిన్నె ఉన్నదే కొన్నారు.

అమ్మ ఎందుకు అడిగిందో చెప్పాలి...

మా పక్కింట్లో కోటమ్మత్త ఉండేది. ఆమె భర్త సాగర్ ఆనకట్ట పనికి పోయాడు. జ్వరం వచ్చి ఆమెకి పాలు ఆగిపోయాయి. ఒళ్ళో చంటివాడు... బుడ్డోడు అనేవాళ్ళం. వానలు లేని ఏడు. ఊళ్ళో గేదెలు వట్టిపోయాయి. మా వీధిలో అందరిదీ జొన్నన్నమే, రోజూ బియ్యం వండేది మా ఇంట్లోనే. పొద్దున్నే కోటమ్మత్త సత్తు గిన్నె పట్టుకుని వచ్చేది. ఉప్పు వేసిన ఆ గంజే బుడ్డోడికి పాలు.

గంజి అడగడానికి మా వైపు ఎవరూ సిగ్గుపడేవారు కాదు. లేకపోతే కుడితిలో పోసేదేగా... బియ్యం అడగడం వేరు.

కుక్కర్ పెట్టిన మొదటి రోజు కోటమ్మత్త వచ్చింది.

"ఏంది వదినా, ఇయ్యాల గంజి వార్చలా?"

"రాలేదు కోటమ్మా. ఈ కుక్కర్లో గంజి రాదంట."

"అన్నం వండితే గంజి రాకపోవడమేందీ?"

అమ్మ గిన్నెలన్నీ పైకి తీసి చూపించింది. పొడిపొడిగా అన్నం... అడుగున వట్టి వేడినీళ్ళు. కోటమ్మత్త వంగి చూసింది. నమ్మలేదు.

"ఇయ్యబుద్ధి కాకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా. ఈ ఇత్తడి డబ్బాని అడ్డం పెట్టుకోవడం దేనికి?"

అమ్మ గబగబా లోపలికి వెళ్ళి చేటలో బియ్యం తెచ్చింది. "కాచి పొయ్యవే వాడికి. రోజూ ఇస్తా."

"అడుక్కుతినేదాన్ననుకున్నావా నన్ను?" అని కోటమ్మత్త వెనక్కి తిరిగింది.

మర్నాడు నాన్న తనే కుండలో అన్నం వండి, గుడ్డలు పట్టుకుని గంజి వార్చారు. మా ఇంట్లో మగవాళ్ళు ఆ పని చేయడం అదే మొదలు. సగం నేల పాలైంది. మిగిలింది అమ్మ ఎడమచేత్తో పట్టుకుని వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

కోటమ్మత్త గుమ్మంలోనే ఆపింది.

"నిన్న రాని గంజి ఇయ్యాల ఎట్టా వచ్చిందంట?"

"కుండలో వండామే..."

"చానా తెలివైనోళ్ళు మీరు" అని తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఆమె బుడ్డోడికి జొన్న జావ పట్టింది. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తండ్రికి కబురు అంది, కట్ట మీద నుంచి వచ్చేసరికి పూడ్చడం కూడా అయిపోయింది.

జావ వల్లే పోయాడని నేను రాయలేను. ఆ ఎండాకాలం ఊళ్ళో ఇంకా పిల్లలు పోయారు... పాలున్న తల్లుల పిల్లలు కూడా. నాకు తెలిసింది ఇంతే. అమ్మ వాళ్ళింటికి వెళ్తే కోటమ్మత్త లోపలికి రానిచ్చింది. కొన్నాళ్ళకి భార్యాభర్తలిద్దరూ కట్ట పనికే వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

అమ్మ చాలా ఏళ్ళ తర్వాత ఒక్కసారి ఆ మాట ఎత్తింది. "కొనే ముందే దానికో మాట చెప్పాల్సింది. మన పొయ్యి మన ఒక్కళ్ళదే అనుకున్నాం" అంది.

ఇప్పుడు కరెంటు కుక్కర్లు... నా గది గోడకి అవతల ఇంకో ఇంటి వంటగది ఉంది. అక్కడ ఏం ఉడుకుతోందో నాకు తెలియదు. ఎవరు తింటున్నారో, ఎవరు పస్తుంటున్నారో అసలే తెలియదు...

మీ ఇంటి గంజి ఎవరింటికి వెళ్ళేది? గుర్తుంటే... ఆ మనిషి పేరుతో రాయండి.